తల్లులు బయటికి పోవాలి

మా పిల్లలకు వ్యాయామాలు చేయించే సెంటర్లోంచి ఒకరోజు మమ్మల్ని, అంటే తల్లుల్ని, వెళ్లగొట్టారు. కొత్తగా వచ్చిన ఫిజియోథెరపీ మేడమ్ నడుం మీద చేతులు పెట్టుకుని, "మీరు ఎదురుంగ కూసుంటే పిల్లలు మీ మొకాలే చూస్తున్నరు, పని చేస్తలేరు. ఒక గంట బయటికి పోండ్రి" అంది.

నాకు ఒళ్లు మండింది. మావాడికి తొమ్మిదేళ్లు. నడవలేడు, మాట రాదు, మెడ నిలవడమే ఈమధ్య వచ్చింది. పుట్టినప్పటి నుంచి వాణ్ని ఇంకొకరి చేతిలో పెట్టి గడప దాటింది లేదు. పెడితే గుక్కపట్టి ఏడుస్తాడని భయం. ఆ భయం వెనకే ఇంకో పెద్ద భయం, నేను పోయాక వీడెట్లా అని. బియ్యం కడుగుతున్నా అదే, జడ వేసుకుంటున్నా అదే.

"నేను లేకుంటె ఉండడు మేడమ్!"

"ఉంటడో ఉండడో చూద్దాం" అని తలుపేసింది మహాతల్లి.

గేటు దగ్గర నాతోపాటు ఇంకొకామె మిగిలింది. పాల వ్యాపారం వాళ్లది. కూతుర్ని చంకనెత్తుకుని యాకుత్‌పురా నుంచి రైల్లో వస్తుంది. నాకన్నా పెద్దది కాబట్టి అక్కా అంటాను. ఇద్దరి చేతులూ ఖాళీ. ఏం చేయాలో తోచక ఆమె కొంగుకు ముడేస్తోంది, విప్పుతోంది.

"ఏంది చెల్లె, గిట్ల నిలవడుడేనా? చాయ్ తాగుదాం పా."

ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర హోటల్లో కూర్చున్నాం. రెండు చాయ్, ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి. నా మనసంతా సెంటర్ మీదే. వాడు ఏడుస్తున్నాడా, ఎవరైనా ఎత్తుకున్నారా? చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. బిస్కెట్ సాసర్లో వేసి, చాయ్ పోసి, చెంచాతో మెత్తగా మెదిపి, ఉఫ్ ఉఫ్ అని ఊది, గడ్డం కింద చేయి పట్టి, "ఆ... అను నాయినా" అంటూ అక్క నోటికి అందించాను.

అక్క బుద్ధిగా నోరు తెరిచింది. మింగేసింది కూడా! నేను కొంగుతో ఆమె మూతి తుడిచాను. అప్పుడు ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఇక చూడండి! అక్క నవ్వాపుకోలేక బల్ల మీద దబదబా కొడుతోంది. నాకు కడుపు పట్టేసింది. సర్వర్ పరుగెత్తుకొచ్చి, "క్యా హువా అమ్మా? చాయ్ అచ్ఛీ నై క్యా?" అని చాయ్ బాగాలేదేమోనని కంగారుపడ్డాడు. దానికి ఇంకా ఎక్కువైంది. నవ్వుతూ నవ్వుతూనే అక్క కళ్లు నిండాయి.

"మా అమ్మ పోయినంక నాకెవ్వలు తినిపియ్యలే చెల్లె. ఇంగోటి పెట్టు."

పెట్టాను. తర్వాత ఆమె నాకు పెట్టబోతే మావాడిలా పళ్లు బిగించి ముఖం తిప్పేశాను.

"గిట్లనే సతాయిస్తడా నీ కొడుకు? తంతా!" అని నా ముక్కు మూసింది. చాయ్ పొలమారి చచ్చాను.

గంట గుర్తొచ్చి పరుగు పెట్టాం. గేటు దగ్గరికి వచ్చినా ఏడుపు వినిపించలేదు. కిటికీలోంచి తొంగిచూశాను. వాణ్ని నిలబడడం అలవాటు చేసే చెక్కకు బెల్టులతో నిలబెట్టారు. మేడమ్ సబ్బుబుడగలు ఊదుతుంటే వాడు పగలబడి నవ్వుతున్నాడు.

"నీకోసం పాణం ఇడుస్తుండనుకుంటివి గదా? సూడు దొంగను!" అంది అక్క.

పట్టలేని సంతోషం. దాంతోపాటే మండిపోయింది కూడా. ఒక్క చుక్కైనా రాల్చడా వెధవ! తలుపు తోసుకుని వెళ్లాను. నన్ను చూశాడో లేదో, పెదవి వంకర పోయింది, గొంతెత్తాడు.

"ఇప్పటిదాంక మంచిగనే ఉండె! మిమ్మల్ని చూసినంకనే గీ లొల్లి" అని మేడమ్ కసిరింది.

మళ్లీ బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను. ఏడుపు సన్నబడింది, ఆగింది. కాసేపటికి నవ్వు మొదలైంది. వాడి నవ్వు నేను పక్కన లేకుండా వినడం అదే మొదటిసారి. లోపలికి పోవాలని ప్రాణం కొట్టుకుంది. పోకుండా, అక్క చేయి గట్టిగా పట్టుకుని అక్కడే నిలబడ్డాను.