మానిటర్‌కు ఎడమ పక్క

మా బాపు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. నేను తల ఎత్తకుండానే జవాబు చెప్పాను. ఆయన పోయి పదకొండు నెలలైంది. ఆ జవాబు చెప్పింది నేనేనా అని ఇప్పటికీ పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోతుంటాను.

ఆయన పేరు సామ్యేల్. గోదావరిఖనిలో భూగర్భ గనిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. అందులో పందొమ్మిదేళ్లు సర్దారు. సర్దారు అంటే మిగతావాళ్ల కన్నా ముందు లోపలికి వెళ్లి, ఆ చోట పని మొదలుపెట్టవచ్చో లేదో చూసి చెప్పేవాడు. చేతిలో కర్ర ఉంటుంది. దాంతో పైకప్పును తట్టి, చెవి పెట్టి వినాలి. రాయి గట్టిగా మోగితే కింద నిలబడవచ్చు. ఖాళీ కుండను కొట్టినట్టు బోలుగా పలికితే మనుషులను వెనక్కి పంపాలి.

ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. పుచ్చకాయను అందరూ తట్టి చూస్తారు. మా బాపు కొత్త బీరువాను తట్టేవాడు, క్వార్టర్ గోడను తట్టేవాడు, పరీక్షలప్పుడు నా నెత్తిని తట్టి "బోలుగనే ఉన్నది, ఇంక జర నింపాలె" అనేవాడు.

ఒకసారి, నేను పుట్టక ముందు, ఆయనకు గట్టిగా జలుబు చేసి చెవులు దిబ్బళ్లు పడ్డాయట. అయినా డ్యూటీకి పోయాడు. పైకప్పును తట్టాడు. మంచిగానే వినబడింది. "రాండ్రి" అని పిలిచాడు. ముందు నడుస్తున్న నర్సింగం కాక ఎందుకో తన చేతిలోని ఇనుప సబ్బల్‌తో ఇంకోసారి తట్టి, మా బాపు అంగీ పట్టుకుని వెనక్కి గుంజాడు. మంచమంత రాయి వాళ్లు నిలబడబోయిన చోట పడింది. ఆ కథ చెప్పినప్పుడల్లా నర్సింగం కాక చివర ఒకే మాట అనేవాడు: "నీ ముక్కుల చీమిడి నా పాణం మీదికి తెచ్చె గదనే సర్దారూ."

ఆ రోజు నుంచి బాపు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. తాను తట్టిన తరువాత కర్రను ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు. "నేను విన్నది నువ్వు గూడ ఇను. నా మొఖం చూసి చెప్పకు, రూఫ్‌ను చూసి చెప్పు" అనేవాడు. ఇద్దరూ సరే అంటేనే పని. రిటైరయ్యేదాకా ఆయన కింద పనిచేసిన ఒక్క మనిషికీ కప్పు కూలి దెబ్బ తగల్లేదు.

మానిటర్ మా ఇంటికి 2004లో వచ్చింది. జ్యోతినగర్‌లో ఒక ఇంజనీరు బదిలీ మీద పోతూ తన కంప్యూటర్‌ను అమ్మేస్తే, నా చదువుకు పనికొస్తుందని బాపు కొన్నాడు. పాత టీవీలాగా వెనకాల పెద్ద డొక్క ఉన్న పదిహేడు అంగుళాల మానిటర్. నెల తిరగకముందే తెర మొత్తం గులాబీ రంగుకు తిరిగింది. బాగుచేసేవాడు వచ్చి, ఇది పోయింది, పారేయండి అన్నాడు. బాపు మూడు రోజులు దాని ముందు కూర్చున్నాడు. వైరు కొసన పదిహేను పిన్నులుంటాయి. వాటిలో ఒకటి వంగి ఉంది. కనుబొమ్మల వెంట్రుకలు పీకే చిమటాతో దాన్ని నిలబెట్టాడు. తెల్లది తెల్లగా కనబడింది.

అప్పటి నుంచి కాలనీలో ఎవరి మానిటర్ మొరాయించినా మా ఇంటికే తెచ్చేవాళ్లు. బొమ్మ వణికితే పక్కనున్న స్టెబిలైజర్‌ను దూరం జరిపించేవాడు. మూలన రంగులు మరకలు పడితే స్పీకర్లోని అయస్కాంతం పని అని చెప్పేవాడు. తీగ పీకేసినా డొక్కలో కరెంటు నిలిచి ఉంటుందని, దాని మూత విప్పేటప్పుడు మమ్మల్ని గడప దాటి రానిచ్చేవాడు కాదు. ఆయనకు ఒక వరుస ఉండేది: ముందు మానిటర్, తరువాత వైరు, తరువాత డబ్బా లోపల బొమ్మను పంపే కార్డు. "ఒక్కసారికి ఒక్కటే మార్చాలె. మార్చినంక తప్పు పోయిందా, ఆడనే ఉన్నదా చూడాలె. రెండు మారిస్తే తప్పు ఏంట్ల ఉన్నదో ఎన్నటికీ తెల్వది."

పోనుపోను అందరూ పలచటి తెరలు కొనుక్కున్నారు. ఆయన మాత్రం ఆ డొక్క మానిటర్‌ను వదల్లేదు. రిటైరయ్యాక ప్రతి వారం మా చర్చికి ప్రార్థన మనవుల కాగితం దాని మీదనే టైపు చేసేవాడు. ఎడమ వైపు పేర్లు, కుడి వైపు వాళ్ల అవసరాలు. సుస్తీ, ఉద్యోగం, ఇంట్లో శాంతి.

నేను బసంత్‌నగర్‌లో ఒక బడిలో తెలుగు చెబుతాను. మొదటి నుంచీ అమ్మ, బాపులతోనే ఉన్నాను. రెండేళ్ల కింద, వానలు వెనకబడిన రోజుల్లో, ఒక సాయంత్రం మంచం మీద పేపర్లు దిద్దుకుంటున్నాను. బాపు మానిటర్ ముందున్నాడు.

"బిడ్డా, జర ఇటు సూడు. ఎడమ పక్క నల్లగ అయితున్నదా?"

నలభై మంది పిల్లలు, అందరూ ఒకే చోట సంధిని తప్పుగా విడదీశారు. నేను ఎర్ర పెన్ను ఆపలేదు.

"అయితున్నది బాపు."

"ఎంత మేర?"

"నువ్వు చెప్పినంతనే."

ఆయన స్క్రూడ్రైవర్ పిడితో బల్లను ఒకసారి తట్టాడు. ఇద్దరం సరే అన్నట్టు. నేను ఆ చప్పుడు విన్నాను. అది ఏమిటో నాకు తెలుసు. అయినా తల ఎత్తలేదు.

మరుసటి రోజు నుంచి ఆయన వెతకడం మొదలుపెట్టాడు. వైరు పీకి, పిన్నులు తుడిచి పెట్టాడు. స్పీకర్లను వంటింట్లోకి పంపాడు. మానిటర్ ఎడమ చెంప మీద తట్టి చూశాడు. తట్టగానే బొమ్మ వచ్చింది. "సూసినవా, లోపల ఏదో టాకా వదులైంది" అని సంబరపడ్డాడు. కాసేపటికి మళ్లీ పోయింది. మళ్లీ తట్టాడు, మళ్లీ వచ్చింది. తట్టేటప్పుడు తన చూపు ఆ పక్కకు తిరుగుతోందని, అందుకే అక్కడిది కనబడుతోందని, ఎదురుగా చూడగానే అది మాయమవుతోందని ఆయనకు తట్టలేదు. జీవితమంతా నమ్మిన పనే ఆయనను మోసం చేసింది. మూత విప్పి, లోపల సీసంతో అతికిన టాకాలన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ కరిగించి వేశాడు. దానికే మూడు వారాలు పట్టింది.

నేను చూసినప్పుడల్లా తెర శుభ్రంగానే ఉండేది. ఇప్పుడే తట్టి ఉంటాడు, వచ్చి ఉంటుంది అనుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే బాపు కంచంలో ఎడమ పక్క అన్నం మిగిల్చి లేచేవాడు. మా అమ్మ సుసన్నా అది తన కూర మీద అలక అనుకుంది. "సగం తిని సగం ఇడిచిపెడ్తున్నడు. చెప్పరాదా, ఉప్పు తక్కువైందని" అనేది. "నువ్వు పెట్టిందంత తిన్న గదనే" అని బాపు. ఇద్దరూ నిజమే చెప్పారు. బాపు ఎడమ భుజం తలుపు చెక్కకు కొట్టుకుని గీసుకుపోతే నేనే పసుపు పెట్టాను.

ఒకరోజు ఎదురింటి నర్సింగం కాక వచ్చి బాపు పక్కన కూర్చున్నాడు. కాక కంటికి పొర వచ్చింది, ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు.

"ఏడ ఉన్నదే నలుపు? నాకైతే మంచిగనే కనబడ్తున్నది."

"నీ కన్నుకే పొర ఉన్నది. నీ సాక్ష్యం చెల్లది" అన్నాడు బాపు. "నా బిడ్డ చూసి చెప్పింది."

నేను వంటింట్లో టీ వడగడుతున్నాను. ఆ మాట నాకు వినబడింది. వెళ్లి, బాపు నేను చూడలేదు అనడానికి నాలుగు అడుగులు. పాత మానిటర్ గురించే కదా అనుకున్నాను. నాలుగు గ్లాసుల్లో టీ పోసి తీసుకెళ్లాను.

అయిదో వారం, ఆదివారం, చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక, నర్సింగం కాక తన ఇంట్లో మూలన పడి ఉన్న కంప్యూటర్‌ను మొత్తంగా మోసుకొచ్చాడు. డబ్బా వేరు, వైరు వేరు, మానిటర్ వేరు. మాది లాంటి డొక్కదే. బల్ల మీద పెట్టి బిగించి, మీట వేశారు. నేనూ నిలబడ్డాను.

బాపు చాలాసేపు చూశాడు.

"దీనికి గూడ ఎడమ పక్క లేదు."

"మంచిగున్నదానికి నీ రోగం అంటించినవా ఏంది సర్దారూ" అని నర్సింగం కాక నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడే తెర వైపు చూశాను. తెర నిండా బొమ్మ ఉంది. అంచు నుంచి అంచు దాకా. ఎక్కడా నలుపు లేదు. నా నవ్వు ఏ క్షణంలో ఆగిందో తెలియదు.

"పట్టు బిడ్డా" అన్నాడు బాపు. "తలకిందులు చేద్దాం. నలుపు దీంట్లనే ఉంటే కుడి పక్కకు పోవాలె."

బల్ల మీద బొంత పరిచాం. ముగ్గురం పట్టుకుని మానిటర్‌ను తలకిందులుగా పెట్టాం. బొమ్మ తలకిందులైంది. అక్షరాలు తలకిందులయ్యాయి. బాపు వెనక్కి జరిగి కూర్చున్నాడు.

"పోలేదు" అన్నాడు. "ఎడమ పక్కనే ఉన్నది."

తరువాత ఆయన చేసినవన్నీ ఎవరి మానిటరో బాగుచేస్తున్నంత నిదానంగా చేశాడు. ఎడమ కన్ను చేత్తో మూసి చూశాడు. తీశాడు. కుడి కన్ను మూసి చూశాడు. తల తిప్పి గోడ మీద చర్చి క్యాలెండర్ వైపు చూశాడు. అందులో ఎడమ అంచున నిలువు వరుస ఆదివారాలు, ఎర్రగా ఉంటాయి.

"ఆదివారాలు లేవు" అన్నాడు. "నల్లగ గూడ లేదు. నలుపంటే నలుపన్న కనబడాలె. ఏమీ లేదు ఆడ."

మా అమ్మ వంటింట్లోంచి వచ్చి తలుపు దగ్గర ఆగిపోయింది. బాపు నా వైపు తిరిగాడు. నేను ఆయనకు ఎడమ పక్క ఉన్నాను. నన్ను వెతుక్కోవడానికి మొత్తం మెడ తిప్పవలసి వచ్చింది. అది నేను చూశాను.

"సుజితా."

ఆయన నన్ను బిడ్డా అనే పిలిచేవాడు. పేరు పెట్టి పిలిచింది బడి రిజిస్టర్‌లో రాయించినప్పుడే అని అమ్మ అంటుంటుంది.

"ఆ దినం నువ్వు చూసి చెప్పినవా?"

"లేదు బాపు."

ఆయన కోపం చేయలేదు. కోపం చేస్తాడని నేను ఎదురుచూశాను, ఇప్పటికీ ఎదురుచూస్తున్నాను. స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాడు. పిడితో తన రెప్ప పక్కన మెల్లగా తాకాడు.

"రెండు కండ్లు ఒక్కతీరుగనే ఉన్నయి. అంటే మానిటర్ కాదు." తరువాత కణత దగ్గర పెట్టి, "వైరు గూడ కాకపోవచ్చు" అన్నాడు. ఆ తరువాత పిడితో తన తల వెనక రెండుసార్లు తట్టి, చెవి పెట్టినట్టు ఆగాడు.

"లోపల కార్డు."

అమ్మ చేతిలోని గంటె కింద పడింది. ఆ చప్పుడుకు కదిలింది నేనొక్కదాన్నే.

దవాఖానలో పరీక్ష చేసి స్కాన్‌కు రాశారు. కరీంనగర్‌లో స్కాన్ తీశారు. డాక్టరమ్మ ఆ నల్ల ఫిల్మును వెలుతురుకు పెట్టి, తల వెనక కుడి వైపు నిమ్మకాయంత గడ్డ ఉందని, రెండు కళ్లకూ ఎడమ పక్కను చూపించేది ఆ చోటేనని చెప్పింది. ఆయన తట్టిన చోటే. ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగింది. అయిదు వారాలన్నాడు బాపు. వెంటనే ఎందుకు రాలేదంది.

"తప్పు మానిటర్‌ల ఉన్నదనుకున్న మేడమ్" అన్నాడు. నా పేరు ఎత్తలేదు.

నేను ఆయనను బయట కూర్చోబెట్టి ఒక్కదాన్నే మళ్లీ లోపలికి వెళ్లాను. అయిదు వారాల ముందు వచ్చి ఉంటే అని అడిగాను. ఈ రకం గడ్డ త్వరగా పెరుగుతుంది, చెప్పలేం అంది. ఆ ‘చెప్పలేం’ అన్న మాటను నేను నాకు కావలసినట్టు ఎన్నో రకాలుగా విడదీసి చూసుకున్నాను. ఏ విధంగా విడదీసినా ఎక్కడో ఒకచోట తప్పు వస్తుంది.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. కొంత తీశారు, కొంత తీయలేకపోయారు. ఎడమ పక్క తిరిగి రాలేదు. ఇంటికి తెచ్చాక ఆయన నన్ను రోజూ అడిగేవాడు. గడియారం ఉన్నదా బిడ్డా. తలుపు తెరిచి ఉన్నదా. వాన వస్తున్నదా. నేను ప్రతిసారీ లేచి వెళ్లేదాన్ని. గడియారాన్ని ముట్టుకుని వచ్చి మూడు గంటల పది అయిందని చెప్పేదాన్ని. వాకిట్లో చెయ్యి చాచి తడి చూసుకుని వచ్చి వాన అని చెప్పేదాన్ని. "బడిల గిట్ల ఉరికితే పిల్లలు నవ్వుతరు" అనేవాడు. మళ్లీ బిడ్డా అని పిలుస్తున్నాడని మూడో రోజో నాలుగో రోజో గమనించాను.

చివరి వారం మాట ముద్దగా అయిపోయింది. ఒక మధ్యాహ్నం నేను కుడి పక్క కూర్చుని ఉన్నాను. ఆయన కళ్లు తెరిచి పైకప్పును చాలాసేపు చూశాడు.

"ఎడమ పక్క ఎవరన్న ఉన్నరా?"

అమ్మ పొద్దుటి నుంచి అక్కడే స్టూలు మీద కూర్చుని ఉంది. ఆయనకు కనబడనని తెలిసి కూడా అక్కడే కూర్చుంది, కిటికీ గాలి ఆయనకు తగలకుండా. నేను లేచి, మంచం చుట్టూ తిరిగి వెళ్లి, అమ్మ భుజం మీద చెయ్యి వేశాను.

"అమ్మ ఉన్నది బాపు."

"చూసి చెప్తున్నవా?"

"చూసే చెప్తున్న."

ఆయన ఎడమ చెయ్యి దుప్పటి మీద నుంచి లేచి, ఆయనకు ఏమీ లేని ఆ పక్కకు, ఏమాత్రం తడుముకోకుండా, సాగింది. అమ్మ ఆ చేతిని పట్టుకుంది.