కప్పలక్క

కొండమీది అడవిలో తప్ప ఎక్కడా కనబడని ఒక జాతి బోదురుకప్పలు అంతరించిపోతున్నాయని, మిగిలినవాటిని పట్టితెచ్చి ఊళ్లో ఒక చల్లటి గదిలో పెంచుతున్నారు. వాటి ఆలనాపాలనా చూసే ఆవిడ అందరికీ కప్పలక్క. సబ్బు వాసన వాటికి పడదని ఉత్త నీళ్లతోనే చేతులు కడుక్కుంటుంది. గాజులు మోచేతిదాకా ఎగదోసుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒక్కోదాన్నీ ఎత్తుతుంది. "ఆ మొటిమల మొహాల్లో ఏం చూశావే?" అని చేపలమ్మే మొగుడు రోజూ ఎగతాళి చేసేవాడు.

మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం కరెంటు పోయి గది పెనంలా కాగింది. కప్పలు సోలిపోయాయి. ఆవిడ చెప్పులైనా వేసుకోకుండా మొగుడి కొట్టుకు పరిగెత్తింది.

"ఐసంతా ఇచ్చెయ్యి!"

"మరి నా చేపలో?"

"అవి చచ్చినవే కదయ్యా! నావింకా బతికున్నాయి."

అతను ఐసు బుట్టకెత్తి తనే మోసుకొచ్చాడు. కప్పలున్న పెట్టెల చుట్టూ ఐసు పేర్చి, ఇద్దరూ అట్టముక్కలతో విసురుతూ కూర్చున్నారు. సాయంత్రానికి ఒక్కటి తప్ప అన్నీ కదిలాయి. కొట్లో చేపలన్నీ పాడైపోయాయి. చచ్చిన కప్పను అరచేతిలో పెట్టుకుని ఆవిడ వెక్కుతుంటే, అతను తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ అన్నాడు:

"ఏడవకు. రేపట్నుంచి ఐసుబండి ముందు ఇక్కడే ఆపిస్తాలే."