జొరమెప్పుడొచ్చింది బాబూ?

మా రమణమూర్తి మేష్టారికి ఉన్నది ఒక్కటే పిచ్చి. కంటపడిన ప్రతి మగవాణ్నీ కీచురాయిలా చూడటం. ఎదురైన మనిషిని ఎవరైనా కులాసాగా ఉన్నావా అని అడుగుతారు. ఈయన మాత్రం "ఆఖరుసారి జొరమెప్పుడొచ్చింది బాబూ? ఎన్నాళ్లకి తగ్గింది?" అని అడిగేవాడు. జవాబు విని తల ఊపేవాడు. ఆ ఊపు మెచ్చుకోలో జాలో మనకి అర్థమయ్యేది కాదు.

ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి జోరుగా సాగుతున్న రోజులవి. కూర్మన్నపాలెంలో మా ఇంటి వెనక వాటా ఆయనకి అద్దెకిచ్చాను. పట్నంలో కాలేజీలో పురుగుల పాఠం చెప్పే మనిషి ఇంత దూరం ఎందుకొచ్చాడా అనుకున్నాను. సామాను దిగాక తెలిసింది. ఒక పెట్టె బట్టలు, తక్కినదంతా కుండలూ డాల్డా డబ్బాలూ. వాటినిండా కీచురాళ్లు. పట్నంలో ఇంటివాళ్లందరూ దండం పెట్టి పంపేశారట.

వచ్చిన వారానికే తగువు. ముందు వాటాలో తవిటయ్య ఉండేవాడు. కట్టుబడిలో క్రేను నడుపుతాడు, రాత్రి డ్యూటీ. పగలు పడుకుందామంటే కీచురాళ్ల గోల. అవి పగలూ కూయాలని మేష్టారు గదికి గోనెపట్టాలు కట్టి చీకటి చేశాడు మరి.

"ఏటి మేష్టారూ! డూటీ సేసొచ్చినోడు పడుకోవాలా వొద్దా? ఆటి నోరు నువ్వు మూయిత్తావా, నన్ను మూయించమంతావా?" అని తవిటయ్య పెరట్లో నిలబడి కేకలు.

"ఆటికి నోరు నేదు తవిటయ్యా. రెక్కా రెక్కా రాసుకుంటే వచ్చే సప్పుడది."

"అయితే రెక్కలే ఇరిసీత్తాను!"

"ఇరువు. ఒక్క మాట ఇని ఇరువు. ఈ గోలంతా మగాటిదే. ఆడది దగ్గిరికి రావాలని ఈ అవస్త. తిన్నదంతా అరుపుకే కర్సయిపోతే, రోగంతో దెబ్బలాడ్డానికి ఒంట్లో ఏటి మిగులుతాది? నువ్వు ఇందాకట్నించి అరుత్తన్నావు. ఓసారి నీ గొంతు సూసుకో."

మేష్టారు గొంతు పెంచలేదు. తవిటయ్య మాత్రం నాకేటవుతాదని రెట్టింపు అరిచాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. మర్నాటికి జ్వరం. వాళ్లావిడ వచ్చి "తప్పయిపోనాది మేష్టారూ, మా ఆయన మీదికి వొదిలింది ఎనక్కి తీసీసుకో" అని కాళ్లమీద పడబోయింది.

నిజానికి ఆ వారం వీధి వీధంతా జ్వరాలే. నేనూ మంచాన పడ్డాను. కాని నేను అరవకుండా పడ్డానంటే ఒక్కరూ నమ్మలేదు.

ఒకనాడు మేష్టారు కీచురాయికి ఏదో గుచ్చుతుంటే పట్టుకున్నాను.

"పాపం తగుల్తాది మేష్టారూ. ఏటది?"

"జాలరోళ్ల వల నైలాను ముక్క పిన్నమ్మా. బయటినించి ఏది దూరినా దీని ఒళ్లు నల్లటి పొరేసి సుట్టీత్తాది. ఎంత నల్లగా సుడితే అంత గట్టి ఒళ్లు. అలాటోణ్ని ఆడది పాట ఇని కనిపెడతాదా నేదా అని సూత్తన్నాను."

"కనిపెడతాదా?"

"కొందరు పాటగాళ్లు నిజంగా గట్టోళ్లే. కొందరికి పాటొక్కటే ఉంటాది. ఆడదానికి అక్కడే సిక్కు."

ఈ ముక్క తెలుసుకోడానికి కాలేజీవాళ్లు జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాలా? పెళ్లయిన రెండో నెలకే నాకు తెలుసు. మా ఆయన భజనలో గొంతెత్తితే పొరుగూరికి వినపడేది. ఒక్క తుమ్ము వచ్చిందంటే నెల్లాళ్లు మంచం దిగేవాడు కాదు. నేను రెండో తరగతి దాటలేదు గనక నన్నెవరూ అడగలేదు.

ఇక అసలు కథ మా అసిరిది. అసిరమ్మ నా తమ్ముడి కూతురు, పద్మనాభం నుంచి తెచ్చి నేనే పెంచుకున్నాను. అయిదేళ్లప్పుడు పెద్దమ్మవారు పోసి బతికింది. మొహమంతా మచ్చలు మిగిలాయి. పనిలో, మాటలో దానికి సాటి లేదు. కాని పెళ్లిచూపులకి వచ్చేవాళ్లు పనిని చూడరు గదా. మేష్టారు రాకముందు రెండు సంబంధాలు వచ్చి మచ్చలని చెప్పి మరీ పోయాయి. అలా పోయినప్పుడల్లా అసిరి అద్దాన్ని గోడవైపు తిప్పేసి, అన్నం ముట్టేది కాదు. దాని పెళ్లి చేసి కన్నుమూయాలని నా పట్టుదల.

మళ్లీ చలమయ్య సంబంధం తెచ్చాడు. చలమయ్యకి ఆటోనగర్లో సైకిలు షాపు, మధ్యలో పెళ్లిళ్లూ బిగిస్తాడు. పెళ్లికొడుకు గుమాస్తా. వాళ్ల పెద్దాయన "పిల్లని ఓపాలి నడవమనండి" అంటున్నాడు, డాల్డా డబ్బాతో మేష్టారు వచ్చి పెళ్లికొడుకు ఎదురుగా చతికిలబడ్డాడు.

"ఆఖరుసారి జొరమెప్పుడొచ్చింది బాబూ?"

"నాకాండీ?"

"నీకే. టైఫాయిడా, మలేరియానా? ఎన్నాళ్లకి లేసేవు?"

"ఏటండీ ఇది, ఈయనెవరండీ?" అని పెద్దాయన.

"పిల్లని నడిపించి సూసుకుంతన్నారు గదా. పిల్లోడి ఒళ్లు మేం సూసుకోవద్దా?"

లోపల అసిరి చీరచెంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నేను తల పట్టుకున్నాను. వాళ్లు ఉప్మా తినేసి లేచారు. మేష్టారు వాళ్లని బస్టాపుదాకా సాగనంపి వచ్చి, ఇల్లంతా వినపడేలా ప్రకటించాడు.

"పిన్నమ్మా, వొద్దని సెప్పీసినాను."

"ఎవురు సెప్పమన్నారు నిన్ను?"

"బస్సొచ్చీదాకా ఈలేసినాడు. సగం బలం ఈలకే పోతంది. అలాటోడు మనకెందుకు?"

నేను తిట్టిన తిట్లు జంక్షన్‌దాకా వెళ్లాయి. అసిరి మాత్రం "పోన్లే అత్తా, జీవితమంతా ఆ ఈల ఎవురింటారు?" అని అన్నానికి కూర్చుంది.

తరవాతివాణ్ని అత్తరు వాసనని వద్దన్నాడట. ఆ తరవాత వచ్చినవాడు లక్షణంగా ఉన్నాడు, రెండెకరాల పొలం, కోరమీసం. సాగనంపి వచ్చి మేష్టారు "మీసానికెట్టిన పోసన ఒంటికెట్టలేదు పిన్నమ్మా, వొద్దన్నాను" అన్నాడు. "నీ కుండలు వీధిలో పడీకపోతే నాను జోగమ్మని కాను!" అన్నాను. అసిరి అద్దం ముందు నిలబడి, కాటుకతో తనకే మీసం గీసుకుని పడీ పడీ నవ్వింది.

ఆ మీసాలవాణ్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. మర్నాడే చలమయ్య షాపుకి వెళ్లాను.

"మా మేష్టారి మాట ఒట్టుకోకు చలమయ్యా. ఆడికి కీచురాళ్ల పిచ్చి. ఆ కుర్రోణ్ని మల్లీ తీసుకురా."

చలమయ్య పంపు కొట్టడం ఆపాడు. "ఏటి జోగమ్మప్పా, నీకు తెల్దా? ఆళ్లు గుమ్మం దిగీసరికే వొద్దన్నారు. ముగ్గురూ అంతే. మచ్చలని. బస్టాపుకాడ మేష్టారు ఆళ్ల సేతులు ఒట్టుకుని, 'ఈ మాట ఆ ఇంటికి పంపకండి, నానే వొద్దన్నానని సెప్పుకుంతాను' అని బతిమాలినాడు. నాసేత ఒట్టు కూడా ఎట్టించినాడు. నువ్విలా వొచ్చి అడుగుతావని ఎవురనుకున్నారు?"

చదివేవాళ్లు కంగారు పడొద్దు. అసిరి పెళ్లి మరుసటేడు జరిగింది, ఆటోనగర్లో లేతు మిషను మీద పనిచేసే గవర్రాజుతో. మేష్టారు అతన్నీ జ్వరం గురించి అడిగాడు. "నాకు గురుతునేదండి. అంత పెద్ద రోగాన్ని గెలిసింది ఆవిడ, ఎలా గెలిసిందో ఆవిణ్నే అడగండి" అన్నాడు గవర్రాజు. మేష్టారు డాల్డా డబ్బా చంకన పెట్టుకుని లేచాడు. ఆ పూట బస్టాపుకీ వెళ్లలేదు.

కాని నేను చెప్పాల్సింది చలమయ్య షాపు నుంచి ఇంటికి వచ్చిన సాయంత్రం సంగతి. మేష్టారు పెరట్లో కీచురాళ్లకి దోసకాయ ముక్కలు వేస్తున్నాడు. అసిరి వంటింట్లో ఉంది. గొంతు తగ్గించి అడిగాను.

"మేష్టారూ, ఆడు నిజంగా ఈలేసినాడా?"

మేష్టారు తల ఎత్తలేదు. "ఏసీ ఉంటాడు పిన్నమ్మా."

"మరి అత్తరు?"

"అత్తరు కాదు, ఆడి ఒళ్లో కరివేపాకు కట్టుంది." ఇంకో దోసకాయ ముక్క వేసి, "మీసం మాత్రం నిజం" అన్నాడు.

"నాసేత అన్ని తిట్లు ఎందుకు తిన్నావు?"

ఆయన సీసాలోంచి ఒక నైలాను ముక్క తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. కీచురాయి ఒంట్లోంచి తీసింది, బొగ్గులా ఉంది. "ఇది రోగం కాదు పిన్నమ్మా. ఒళ్లు గెలిసిన గురుతు. ఆ పిల్ల మొకమ్మీదున్నవీ అవే. కీచురాయికి తెలిసిన సంగతి ఆళ్లకి తెల్దు. తెలీనోళ్ల మాట దాని సెవిన పడ్డం ఎందుకు?"

నాకు కళ్లనీళ్లు రావు, నా రకం అది కాదు. ముక్కు మాత్రం చీదుకున్నాను. "ఇయాల్టినించి నిన్ను ఒక్క మాటన్నా అంటే ఒట్టు మేష్టారూ" అన్నాను.

మేష్టారు హడలిపోయి లేచాడు. కాలు తగిలి డబ్బా దొర్లింది, కీచురాళ్లు పెరడంతా గెంతుతున్నాయి. ఆయన వాటివైపు చూడనైనా లేదు.

"ఒట్టు తీసీ పిన్నమ్మా! నువ్వు తిట్టకపోతే ఆ పిల్లకి అనుమానం రాదా? ఆదివారం ఇంకోడు వొత్తన్నాడు. ఆడూ వొద్దంటే నాను వొచ్చి ఏదో వొంక సెప్తాను. నువ్వు మాత్రం వంటింటి గుమ్మంకాడ నిలబడి, దానికి బాగా ఇనపడీలాగ, నన్ను ఇంకొంచెం గట్టిగా తిట్టు."