నాన్న క్లారినెట్ కీచుమన్న రోజు

ఇవాళ వీధిలో పెళ్లివారి క్లారినెట్ వినగానే గుమ్మంలోకి పరుగెత్తాను. సాలూరు నేస్తాల్లారా, మా నాన్న గుర్తున్నాడా? కచేరీకి ముందు క్లారినెట్ రీడు, అదే ఊదేచోట బిగించే ఆ పలచటి రెల్లుబద్ద, బుగ్గన పెట్టుకుని నానబెడుతూ, వసారాలో అటూ ఇటూ తిరిగేవాడు. కిందిస్థాయి నుంచి పైస్థాయికి ఎక్కేచోట కీచుమంటుందని ఒకటే బెంగ.

నన్నూ వెంటబెట్టుకుని ఎడ్లబండి మీద ఘాటీ ఎక్కి వెళ్లిన అరకు పెళ్లిలో, ఆ చలికి, సరిగ్గా అక్కడే కీచుమంది. నాన్న ముఖం పాలిపోయింది. చేతులు పెనవేసుకుని వలయంగా థింసా ఆడుతున్న ఆడవాళ్లు మాత్రం కేక పెట్టి, అంతా ఒక్కసారిగా రెండో దిక్కుకు తిరిగి ఆడసాగారు. వాళ్ల మోరి సన్నాయి అలా కూస్తేనే దిక్కు మారుస్తారట.

"ఇంకోపాలి ఊదయ్యా!" అన్నారు.

నాన్న ఊదాడు. మళ్లీ ఊదాడు. చక్కటి స్వరమే వస్తోంది. వలయం ఆగి ఎదురుచూస్తోంది.

చెమటలు కక్కుతూ నావైపు వంగాడు. "ఏటే గుంటా, వద్దన్నప్పుడల్లా వచ్చీసీది, ఇప్పుడేటైపోనాది?"