పసరు పేరు చెప్పిన మస్తాన్‌బీ

ప్రయోగశాల వెనక తోటమాలి కలుపు పీకుతుంటే, నలిగిన నేల ఉసిరి వాసన కిటికీలోంచి వచ్చింది. నా చేతిలో కాలేయ క్యాన్సర్ కణాలున్న గాజు పళ్లెం. అరవైకి దగ్గరపడినా ఆ పచ్చి వాసన తగిలితే చాలు, తిరువూరులో మా పక్కింటి మస్తాన్‌బీ పిన్ని నాన్నకు పసరు పోసిన రోజులు కళ్లముందుకొస్తాయి.

అది డెబ్బైల చివర. నేను ఇంటర్ చదువుతున్నాను. నాన్నకు కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లంటే మా వీధికి డాక్టరు కాదు, మస్తాన్‌బీ గుమ్మమే గుర్తొచ్చేది. ఆదివారం పరగడుపున పసరు, ఆపైన ఉప్పులేని పథ్యం. ఆకు పేరు మాత్రం ఎవరికీ చెప్పదు. చెబితే హస్తవాసి పోతుందని వాళ్ల అత్త ఒట్టు వేయించుకుందట. రెండు ఆదివారాలు గడిచేసరికి నాన్న ఇంకా చిక్కిపోయాడు. మూడో ఆదివారం ఆమె అనుమానంగా ఆయన కుడి డొక్క కింద నొక్కి చూసి, గిన్నె పక్కన పెట్టేసింది.

"గట్టిగా గడ్డ తగులుతోందక్కా," అంది అమ్మతో. "ఇది నా మందుకు లొంగేది కాదు. రెండు వారాలు నేనే పాడుచేశాను. బెజవాడ పోదాం పదండి, నేనూ వస్తా."

"నువ్వే అట్లా అంటే ఎట్లా పిన్నీ?" అన్నాను.

"నాకు భయమేస్తోందమ్మాయ్. అందుకే చెప్తున్నా."

బస్సులో దారంతా నాన్న పక్కనే కూర్చున్నాను. చెయ్యి వదిలితే ఆయన అక్కడే పోతాడేమోనని నా భయం. బెజవాడలో డాక్టరు "ఏం మందు వాడారు?" అని గద్దించాడు. మస్తాన్‌బీ ముందుకొచ్చి, "నేల ఉసిరి సార్, మజ్జిగలో. నేనే పోశాను," అంది. అంతమంది ముందు ఒట్టు తీసి గట్టున పెట్టేసింది. కాలేయంలో క్యాన్సర్ గడ్డ అని తేల్చారు. నాన్న ఆ వేసవి దాటలేదు. ఆమె మళ్లీ ఎవరికీ పసరు పోయలేదు.

ఇప్పుడు నా పరిశోధన కూడా ఆ గడ్డ మీదే. "ఇక పెరిగింది చాలు" అని కణానికి చెప్పే జన్యువుల నోరు నొక్కేసే ఎంజైములు కొన్ని ఉంటాయి. వాటిని అడ్డుకునే మందు వేస్తే, ఈ పళ్లెంలో కణాల పెరుగుదల మందగించింది. కబురెలా పొక్కిందో, నిన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, మా నాన్నకి పనిచేస్తుందా అండీ?"

అవుననే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"గాజు పళ్లెంలో పనిచేసింది తల్లీ. మనిషిలో ఏం చేస్తుందో నాకు తెలియదు. డాక్టరు దగ్గరికి వెళ్లడం మాత్రం మానొద్దు," అన్నాను.

ఫోన్ పెట్టేశాక, ఆ అవుననే మాట అనేసి ఉంటేనో అని భయమేసింది. ఆ భయం మస్తాన్‌బీ పిన్ని నాకిచ్చింది. ఈ పని చేసినన్నాళ్లూ అది నన్ను వదలకూడదు.