అసలు ఇవ్వని శివలీల

మా శివలీల ప్రాణమైనా ఇస్తుందేమో గానీ అసలు మాత్రం ఇవ్వదు. ఎవరడిగినా, ఏదడిగినా, నకలే.

కర్నూలులో పాత క్యాసెట్లలోని పల్లెపాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న కేంద్రం మాది. ఆమెదీ నాదీ పక్కపక్క కుర్చీలు. క్యాసెట్ నుంచి గురగురతో, మధ్యలోని మాటలతో సహా దించిన పెద్ద ఫైలు అసలు. దాన్నెవరూ ముట్టకూడదు. అందులోంచి పాట మటుకు తీసి, శుభ్రం చేసిన చిన్న ఫైలు నకలు. వచ్చినవాళ్లకు వినిపించేది అదే.

ఈ పిచ్చి ఆఫీసు దాటకుండా ఉంటే బాగుండేది. ఇంట్లో ఊరగాయకూ రెండు జాడీలే. చిన్నది ఖాళీ అయిందని మొగుడు గోపన్న ఒకసారి పెద్ద జాడీ మూత తీయబోయాడట.

"యాడ పెడతాండావు చెయ్యి? అది అసలు!"

"తినేదానికి కాదా మరి?"

"అసలు తినేస్తే నకలు యాడ నుంచి వస్తాది?"

పాపం గోపన్న ఆ పూట మజ్జిగన్నంలో ఉప్పు నంజుకున్నాడు.

పోయిన వేసవిలో మా డిస్కులు నిండిపోయాయి. అధికారి రాజశేఖర్ గారు వచ్చి, "పాటలు విడిగా ఉన్నాయి కదమ్మా, ఈ దగ్గులూ తిట్లూ ఎందుకు? అసలు ఫైళ్లు తీసెయ్" అన్నారు.

"తీసేస్తే మళ్లా రావు సార్."

"ఎవరడుగుతారు వాటిని?"

"అడిగేటోళ్లు యాడ ఉండారో మనకేం తెలుసు సార్?"

ఆయన విసుక్కుని, నెలాఖరు దాకా గడువిచ్చారు.

ఆ గడువులోనే ఆలూరు దిక్కు పల్లె నుంచి అయ్యన్న, ఆయన భార్య భీమక్క వచ్చారు. వయసులో ఉన్నప్పుడు భీమక్క పాడిన రాగులు విసిరే పాట మా దగ్గరుంది. ఈమధ్య గొంతు ఆపరేషనై ఆమెకు మాట పోయింది. శివలీల నకలు వినిపించింది. భీమక్క కళ్లు మూసుకుని తలూపింది. అయ్యన్న మాత్రం కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

"పాట బాగుండాది తల్లీ. మద్దెలో నన్ను తిట్టిందే, అది యాడ పాయె?"

"తిట్లు కావాల్నా తాతా?"

"ఇంట్లో సప్పుడే లేదమ్మా. తిట్టేవాళ్లు లేక తిన్నది ఒంటికి పట్టల్యా."

శివలీల పెద్ద ఫైలు తెరిచింది. గురగుర, పాట, చెంబు దొర్లిన చప్పుడు. ఆ వెంటనే భీమక్క గొంతు ఖంగుమంది: "ఏమయ్యో! పాట పాడతాంటే చెంబు తంతావా? నీ కాళ్లకు కండ్లు లేవా?"

అయ్యన్న లేచి నిలబడ్డాడు. "అదీ! అదీ మా ఇంటి మాట!"

భీమక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని, రెండో చేత్తో మొగుడి వీపు మీద ఒక్కటిచ్చింది. అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడిన రాజశేఖర్ గారు పగలబడి నవ్వారు. వెంటనే కొత్త డిస్కులు కావాలని పైవాళ్లకు రాశారు.

"ఇంత బాగుంటే నకల్లో ఎందుకు పెట్టలేదే?" అన్నాను.

"పాట ఊరందరిదీ అక్కా. తిట్లు ఆయన సొంతం. అందరికీ వినిపిస్తే ఎట్లా?" అంటూ ఆ తిట్టు మటుకు ఒక నకలు తీసి అయ్యన్న ఫోనులో వేసింది. ఆయన బతిమాలితే ఇంకేదో నొక్కింది కూడా.

వాళ్లను బస్సెక్కించడానికి నేను వెళ్లాను. సీటులో కూర్చోగానే అయ్యన్న జేబులో ఫోను మోగింది.

"ఏమయ్యో! పాట పాడతాంటే చెంబు తంతావా? నీ కాళ్లకు కండ్లు లేవా?"

బస్సులోని మగవాళ్లంతా గబుక్కున కాళ్లు వెనక్కి లాక్కున్నారు. అయ్యన్న మాత్రం ఫోను ఎత్తకుండా, హాయిగా మోగనిచ్చాడు.