రెండు స్టాండ్లు, ఒక గేటు పాసు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక ఎండాకాలంలో, నన్ను శ్రీకాకుళం జిల్లాలోని ఒక బస్సు డిపోకు మెకానికల్ ఫోర్‌మన్‌గా వేశారు. డిపో మేనేజరు తర్వాత గ్యారేజీకి బాధ్యుడు ఫోర్‌మనే. బస్సు బయటికి వెళ్లాలంటే బ్రేకులు సరిగా ఉన్నాయని అతని సంతకం పడాలి. అరసవల్లిలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను.

గ్యారేజీలో బ్రేకుల పని చూసే పైడిరాజు మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉండేవాడు. ఇరవై ఏళ్ల సర్వీసు. బస్సును జాకీతో ఎత్తాక, కింద స్టాండు పెట్టందే వేలు కూడా లోపలికి పోనిచ్చేవాడు కాడు. స్టాండు అంటే బరువు మోసే ఇనుప పీట. జాకీ పని ఎత్తడం వరకే. ఎత్తినదాన్ని మోయాల్సింది స్టాండు. కొత్తగా చేరినవాళ్లకు ఈ తేడా నేర్పమని నేను అతని దగ్గరికే పంపేవాణ్ణి.

ఒక శనివారం సాయంత్రం అతను నా గదిలోకి వచ్చి, డిపో జీపు కోసం ఉంచిన చిన్న స్టాండ్లు రెండు సోమవారం పొద్దున్న దాకా కావాలని అడిగాడు. ఇంట్లో పాత కారు ఉంది, వెనక బ్రేకులు అరుస్తున్నాయి, చీపురుపల్లిలో బంధువుల పెళ్లికి వెళ్లేలోగా లైనర్లు మార్చుకోవాలట. స్టోర్సు సామాను గేటు దాటాలంటే పాసు కావాలి. సొంత పనికి పాసు ఇవ్వకూడదు. అదే చెప్పాను. "సర్లెండి సార్" అని వెళ్లిపోయాడు. నేను రిజిస్టరు చూసుకోవడంలో పడ్డాను.

మర్నాడు ఉదయం అతని భార్య రవణమ్మ ఫోను చేసింది.

"బాబూ, ఈయన సెయ్యి కారు కింద ఉండిపోనాది. మాటాడతన్నారు. వేగిరం రండి."

నా కారులోనే వెళ్లాను. జాకీ అందులో ఉంది కాబట్టి. వాళ్ల ఇంటి ముందు నేల వీధి కాలువ వైపు వాలుగా ఉంటుంది. కారు ముందుభాగం ఆ వాలు వైపే ఉంది. వెనక ఎడమ చక్రం ఊడదీసి ఉంది. కారుతో వచ్చిన చిన్న జాకీ పక్కకు ఒరిగిపోయింది. స్టాండుకు బదులుగా పేర్చిన ఇటుకలు పొడిపొడి అయ్యాయి. ఊడదీసిన చక్రాన్ని మాత్రం అతను కారు అంచు కిందకు తోసి ఉంచాడు. కారు దాని మీద ఆగింది. ఆ చక్రానికీ కారు అంచుకూ మధ్య అతని ఎడమ ముంజేయి ఇరుక్కుంది. చక్రం లేకపోతే బరువు ఛాతీ మీదికి వచ్చేది.

అప్పటికే నలుగురు ఇరుగుపొరుగువాళ్లు వెనక బంపరు పట్టుకుని లేపబోతున్నారు. ఎవరూ ముట్టుకోవద్దన్నాను. వాళ్లలో ఒకాయనకు కోపం వచ్చింది.

"మనిషి సచ్చిపోతంటే మీ రూలేటండీ?"

దానికి కారు కింద నుంచి పైడిరాజే జవాబిచ్చాడు. "లేపకండి. ముందర టైర్లకి రాళ్లెట్టండి. హేండుబ్రేకు ఇప్పేసి ఉన్నాది. గేరు నూట్రల్లో ఉన్నాది."

లైనర్ల మీద మూతలా ఉండే వెనక చక్రం డ్రమ్ము ఊడిరావాలంటే హ్యాండ్‌బ్రేకు వదలక తప్పదు. కాబట్టి ముందే గేరు వేసి, నేల మీద ఉన్న చక్రాలకు అడ్డు పెట్టుకోవాలి. అతను గేరు వేయడం మరిచాడు. ముందు చక్రానికి సగం ఇటుక అడ్డం పెట్టాడు. బిగిసిపోయిన డ్రమ్మును సుత్తితో కొడుతుంటే ఆ ఇటుక నలిగి, కారు ముందుకు జారింది. ఇప్పుడు నలుగురూ లేపితే మళ్లీ జారుతుంది. ఈసారి ఎక్కడ ఆగుతుందో చెప్పలేం.

రవణమ్మ పెరట్లో బట్టలుతికే బండ చూపించింది. ఇద్దరు మోసుకొచ్చి ముందు చక్రానికి ఆనించారు. రెండో చక్రానికి ఇంకో రాయి వేశాం. లోపల కూర్చుంటే కారు కదులుతుందని కిటికీలోంచి చెయ్యి పెట్టి గేరు వేశాను. తర్వాత చెక్క పలక మీద నా జాకీ నిలబెట్టి, అంచు కింద గట్టిభాగానికి ఆనించి తిప్పాను. నాలుగు తిప్పులకోసారి ఆగడం, పెరిగిన సందులో చెక్క దిమ్మ దూర్చడం. రవణమ్మ అతని తల దగ్గర కూర్చుని, "అయిపోనాది, అయిపోనాది" అంటూనే ఉంది. చెయ్యి బయటికి వచ్చాకే అతను మూలిగాడు.

రెండు ఎముకలు విరిగాయి. ప్లేటు వేశారు. కొన్ని నెలల తర్వాత డ్యూటీలో చేరాడు గాని పట్టు తగ్గింది. బ్రేకుల పని వదిలి టూల్ రూముకు మారాడు.

అతను ఇంకా ఆస్పత్రిలో ఉండగా చూడ్డానికి వెళ్లినప్పుడు, గేటు మీటింగులో, అంటే డ్యూటీ ఎక్కేముందు సిబ్బందిని నిలబెట్టి మాట్లాడే చోట, ఈ సంగతి చెప్పమని మేనేజరు అన్నారని చెప్పాను. పేరు దాచమంటాడనుకున్నాను.

"నా పేరే సెప్పండి సార్. ఇటుకలెట్టింది నానే. కానీ ముందురోజు స్టాండ్లడిగానని కూడా సెప్పండి."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. అది నాకు మరింత కష్టమైంది. ఇంటికి వచ్చి నోట్సు రాసుకుంటూ ఆ రెండో మాట ఒకసారి కొట్టేశాను. తర్వాత మళ్లీ రాశాను. మీటింగులో రెండూ చెప్పాను. మేనేజరు నేల చూశారు.

గేటు పాసు రూలు మారలేదు. అది మారాలని నేనూ అనను. స్టోర్సు సామాను అలా బయటికి పోతే గ్యారేజీ నడవదు. కానీ ఆ శనివారం నేను రూలు చెప్పి ఊరుకున్నాను. మరి దేని మీద నిలబెడతావని అడగలేదు. అడిగి ఉంటే ఇటుకలని చెప్పేవాడు. ఇటుకలని వింటే నేను ఒప్పుకునేవాణ్ణి కాను. బరువు పడితే ఇటుక చెప్పకుండా పగులుతుందని మా ఇద్దరికీ తెలుసు. పని తెలిసినవాడు ఇంట్లో జాగ్రత్త తప్పడని నమ్మడం నా పొరపాటు. డిపోలో అతణ్ణి కాపాడింది తెలివి ఒక్కటే కాదు, చేతికి అందేలా ఉన్న సామాను కూడా.